ఎల్బీనగర్ – బైరామల్‌గూడ ఫ్లైఓవర్లు: పైన హాయి, కింద ఇంకా బాకీ

సాగర్ రోడ్డు వైపు ఇల్లు కొనాలని చూసేవాళ్లు మా గల్లీలోకి వస్తే ధర కంటే ముందు అడిగే మాట ఒకటుంది: "సిటీలోకి పోవాలంటే ఎంతసేపు పడుతుందండీ?" మేముండేది హైదరాబాద్‌లో బీఎన్ రెడ్డి నగర్. ఈ ప్రశ్నకు మా వీధివాళ్లు చెప్పే జవాబు ఈ ఐదారేళ్లలో పూర్తిగా మారిపోయింది. బైరామల్‌గూడ, ఎల్బీనగర్, కామినేని, నాగోల్ దగ్గర కట్టిన ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లే దానికి కారణం. వాటి గురించే ఈ రివ్యూ. రోజూ వాడుకునేది, మన డబ్బుతో కట్టింది, ఇంకా చాలా ఏళ్లు కిస్తీలు కట్టాల్సింది కాబట్టి ఎవరో ఒకరు ఓపిగ్గా రాయాలనిపించింది.

నేను ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో లోన్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. అప్పు మంజూరు చేసి సంతకం పెట్టేస్తే మా పని అయిపోయేది కాదు. డబ్బు చేతికిచ్చాక సైటుకు వెళ్లి చూడాలి. చెప్పిన పనికే ఖర్చు పెట్టారా, కట్టింది గట్టిగా ఉందా, దానివల్ల ఎవరికి లాభం, బాకీ ఎక్కణ్నుంచి తీరుతుంది, ఇవన్నీ రాసి ఫైల్లో పెట్టాలి. ఈ ఫ్లైఓవర్లను కూడా నేను అదే కళ్లతో చూస్తున్నాను. స్కూటీ మీద వెళ్తాను, అబ్బాయి ఉంటే కారులో వెళ్తాను, సగం పనులకు బస్సే ఎక్కుతాను. కాబట్టి పైనుంచీ చూశాను, కిందినుంచీ చూశాను.

ముందు ఈ ప్రాంతం సంగతి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఆరాంఘర్ నుంచి చాంద్రాయణగుట్ట, ఓవైసీ జంక్షన్ మీదుగా వచ్చే ఇన్నర్ రింగ్ రోడ్డు బైరామల్‌గూడ దగ్గర నాగార్జునసాగర్ రోడ్డును దాటుతుంది. ఆ చౌరస్తాను మేం సాగర్ రింగ్ రోడ్డు అంటాం. అక్కణ్నుంచి ఎల్బీనగర్‌లో విజయవాడ హైవేను దాటి, కామినేని మీదుగా నాగోల్, ఉప్పల్ వైపు పోతుంది. ఇటు వనస్థలిపురం, హస్తినాపురం, బీఎన్ రెడ్డి నగర్, గుర్రంగూడ, తుర్కయాంజాల్, అటు హయత్‌నగర్, అబ్దుల్లాపూర్‌మెట్ అన్నీ ఒకేసారి పెరిగాయి. ఆదిభట్లలో టీసీఎస్ వచ్చింది, టాటావాళ్ల విమాన భాగాల ఫ్యాక్టరీలు వచ్చాయి. 2007లో ఎల్బీనగర్ మున్సిపాలిటీని హైదరాబాద్ నగర కార్పొరేషన్ జీహెచ్‌ఎంసీలో కలిపినప్పుడు ఇక్కడ ఖాళీ ప్లాట్లు ఎక్కువ, ఇళ్లు తక్కువ. ఇప్పుడు ఖాళీ ప్లాటు కనిపిస్తే వెనకాల కోర్టు కేసు ఏదో ఉండి ఉంటుందనుకోవాలి. ఇంతమందీ పనికి పోవాలన్నా, పెళ్లికి పోవాలన్నా, ఎయిర్‌పోర్టుకు పోవాలన్నా ఆ రెండు మూడు చౌరస్తాలే గతి. సంక్రాంతికి రెండు రోజుల ముందు ఎల్బీనగర్‌లో నిలబడి చూసినవాళ్లకు ఇంకేం చెప్పక్కర్లేదు.

ఇక అసలు విషయం. బైరామల్‌గూడ దగ్గర మొదటి ఫ్లైఓవర్ 2020 ఆగస్టులో తెరిచారు, 26.45 కోట్లు. దాని జోడీ 2022 మార్చిలో వచ్చింది, 28.64 కోట్లు. ఇవి రెండూ రింగ్ రోడ్డు మీద నేరుగా పోయే బండ్ల కోసం, ఒకటి పోయేందుకు, ఒకటి వచ్చేందుకు. 2022 అక్టోబర్ చివర్లో నాగోల్ ఫ్లైఓవర్ వచ్చింది, 990 మీటర్లు, ఆరు వరసలు, 143.58 కోట్లు. 2023 మార్చిలో ఎల్బీనగర్ కుడివైపు ఫ్లైఓవర్, 32 కోట్లు. చివరగా 2024 మార్చి 9న బైరామల్‌గూడలో రెండో అంతస్తు తెరిచారు, 148.05 కోట్లు. ఓవైసీ వైపు నుంచి వచ్చేవాళ్లు సిగ్నల్ లేకుండా అటు చింతలకుంట మీదుగా విజయవాడ హైవేకు, ఇటు బీఎన్ రెడ్డి నగర్ మీదుగా సాగర్ రోడ్డుకు దిగిపోవచ్చు. అటు ఓవైసీ జంక్షన్లో అబ్దుల్ కలాం పేరుతో 2021 డిసెంబర్లోనే ఫ్లైఓవర్ వచ్చింది. ఆరాంఘర్–జూపార్కు రోడ్డు మీద మన్మోహన్ సింగ్ పేరుతో ఉన్నది 2025 జనవరిలో వచ్చింది. ఒకదాని తర్వాత ఒకటి కలుస్తూ వచ్చాయి కాబట్టి వీటి ఫలితం విడివిడిగా కంటే కలిపి చూస్తేనే తెలుస్తుంది.

పైన ప్రయాణం నిజంగా హాయిగా ఉంటుంది. రాత్రి ఎయిర్‌పోర్టు నుంచి వచ్చేటప్పుడు చాంద్రాయణగుట్ట దాటాక ఎక్కడా బ్రేకు మీద కాలు పెట్టే అవసరం రాకుండా మా ఇంటి మలుపు దాకా వచ్చేస్తాం. ఇదివరకు సాగర్ రింగ్ రోడ్డు సిగ్నల్ దగ్గర ఒకసారి పచ్చలైటు పడితే మన వంతు వచ్చేది కాదు, రెండోసారీ కష్టమే. మా అత్తగారికి ఒక రాత్రి ఆయాసం వచ్చి అంబులెన్స్‌లో నాగోల్ వైపు ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఇది ఫ్లైఓవర్లు రాకముందు మాట. సైరన్ మోగుతూనే ఉంది, ముందున్న బండ్లు పక్కకు జరగాలన్నా జరిగే చోటు లేదు. ఆ రోజు పడ్డ టెన్షన్ తలచుకుంటే ఈ కట్టడాల మీద పెట్టిన ప్రతి రూపాయీ సార్థకమే అనిపిస్తుంది. ఆవిడ ఇప్పుడూ మాతోనే ఉన్నారు, ఆ ఆసుపత్రికే చెకప్‌కు వెళ్తాం, దారి గురించి ఆలోచించడమే మానేశాం.

రూపాయికి ఎంత ఫలం వచ్చిందని చూస్తే మాత్రం నా లెక్క ఇది. బైరామల్‌గూడ మొదటి రెండు ఫ్లైఓవర్లూ కలిపి 55 కోట్లు. చౌరస్తాలో ఉన్న ముడిలో పెద్ద భాగం వాటితోనే విడిపోయింది, ఎందుకంటే నేరుగా పోయే బండ్లే ఎక్కువ. మలుపు తిరిగే బండ్ల కోసం కట్టిన రెండో అంతస్తుకు అంతకు రెండున్నర రెట్లకు పైగా అయింది. అది దండగ అనడం లేదు. సాగర్ రోడ్డువాళ్లకు అసలు లాభం దానితోనే వచ్చింది, నాకూ అంతే. కానీ చివరి ముడి విప్పడానికి ఖర్చు ఎప్పుడూ ఎక్కువే అవుతుందని ఇంకో చౌరస్తాకు ప్లాన్ వేసేవాళ్లు గుర్తుంచుకోవాలి. ఆ చివరి 148 కోట్లతో ఇంకేం చేయొచ్చో కూడా అదే టేబుల్ మీద పెట్టి చూడాలి.

కట్టడం నాణ్యత గురించి: తారు బాగుంది, వంపులు సాఫీగా ఉన్నాయి, లైట్లు వెలుగుతున్నాయి. జాయింట్ల దగ్గర స్కూటీకి చిన్న కుదుపు తగులుతుంది, నడుం నొప్పి ఉన్నవాళ్లు వేగం తగ్గిస్తే మంచిది. వర్షం పడ్డప్పుడు పైనుంచి పైపుల్లో దిగే నీళ్లు కొన్నిచోట్ల నేరుగా కింద సర్వీస్ రోడ్డు మీద పడతాయి. కింద వెళ్లే టూవీలర్ మీద పడితే ఒక్క క్షణం కళ్లు కనపడవు. పైపును ఇంకో నాలుగడుగులు కిందికి దించి కాలువలో కలిపితే పోయే సమస్య ఇది.

అక్కణ్నుంచే కింది సంగతి మొదలవుతుంది, నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది కూడా అదే.

ఫ్లైఓవర్ మీద బస్సు ఆగదు. ఎంత గొప్ప ఫ్లైఓవర్ కట్టినా బస్సు దిగేవాళ్లు, షేర్ ఆటో ఎక్కేవాళ్లు కిందే ఉంటారు. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. దాంతో ఇళ్లలో పనిచేసేవాళ్లు, షాపుల్లో సేల్స్‌గర్ల్స్, కాలేజీ పిల్లలు, ఆసుపత్రుల్లో ఆయాలు, అందరూ బస్సెక్కుతున్నారు. వీళ్లంతా సాగర్ రింగ్ రోడ్డులో పిల్లర్ల మధ్య దిగి, ఒక వైపు నుంచి ఇంకో వైపుకు దాటి, రెండో బస్సు పట్టుకోవాలి. సాయంత్రం ఏడింటికి అక్కడ నిలబడి చూడండి. పైన వెళ్లాల్సినవి పైన వెళ్లిపోయాయి కాబట్టి కింద బండ్లు తగ్గాయి, నిజమే. తగ్గినకొద్దీ ఉన్నవాటి వేగం పెరిగింది. ఇదివరకు జాం అయిన బండ్ల మధ్యనుంచి దూరి అయినా దాటేవాళ్లం. ఇప్పుడు యూటర్న్ కొట్టి వచ్చే బండి ఎటునుంచి వస్తుందో పిల్లర్ అడ్డం వల్ల కనిపించదు. తెల్ల చారలు ఎప్పుడో చెరిగిపోయాయి. డివైడర్ మీద ఒక కాలు, రోడ్డు మీద ఒక కాలు పెట్టి, చంకలో పిల్లతో నిలబడ్డ తల్లిని చూస్తే నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది.

అక్కడ మల్లెపూలు అమ్మే ఆమెను నేను ఒకసారి అడిగాను, రోజంతా ఇక్కడే ఉంటావు కదా, దాటడానికి మంచి చోటు ఏదమ్మా అని. "ఏడ దాటినా అంతే అక్కా. ఇద్దరు ముగ్గురు జమైతే చెయ్యి పెట్టి ఒక్కపారే పోవాలె. ఒక్కదానివి పోకు," అంది. ఇన్ని కోట్ల కట్టడం కింద జనం కనిపెట్టుకున్న పద్ధతి ఇది. ఒక ఆఫీసుకు మా కాలనీ సంఘం తరఫున అర్జీ ఇచ్చాం. తీసుకుని స్టాంపు వేశారు, మా పరిధి కాదేమో చూస్తామన్నారు. మళ్లీ ఇస్తాం.

ఇంకో విషయం మ్యాపు చూస్తేనే అర్థమవుతుంది. ఎల్బీనగర్ ఒక మెట్రో లైనుకు చివరి స్టేషన్, 2018 సెప్టెంబర్లో వచ్చింది. నాగోల్ ఇంకో మెట్రో లైనుకు చివరి స్టేషన్. రెండింటి మధ్య ఐదారు కిలోమీటర్ల దూరం, మధ్యలో రైలు లేదు. రెండో దశలో దాన్ని కలపాలని ప్రతిపాదన ఉంది. ఈలోగా కార్లకు మాత్రం ఆ రెండు చివరలూ ఫ్లైఓవర్లతో, అండర్‌పాస్‌లతో కలిసిపోయాయి. మెట్రో దిగిన మనిషి మాత్రం కిందికొచ్చి షేర్ ఆటో వెతుక్కోవాలి. ప్రజల డబ్బు ముందుగా ఏ దారికి పోయిందో ఆ మ్యాపు చూస్తే తెలుస్తుంది. నాకు ఇది మంచి వరస అనిపించదు. కారున్నవాళ్లకు పావుగంట మిగలడం మంచిదే, నా కొడుక్కీ మిగులుతోంది. అదే దారిలో వెళ్లే బస్సుకు ఒక వరస విడిగా ఇచ్చి, దిగే చోట నీడ ఇచ్చి ఉంటే ఆ పావుగంట వేలమందికి దొరికేది, ఖర్చు ఫ్లైఓవర్‌లో పదో వంతు కూడా ఉండేది కాదు.

ఇప్పుడు డబ్బు. చాలామంది "గవర్నమెంట్ కట్టింది" అని ఒక్క మాటతో వదిలేస్తారు. బ్యాంకులో పనిచేసినదాన్ని కాబట్టి నేను వదలలేను. ఈ పనులన్నీ ఎస్‌ఆర్‌డీపీ అనే నగర రోడ్ల అభివృద్ధి పథకం కింద జరిగాయి. దానికోసం జీహెచ్‌ఎంసీ 2018 ఫిబ్రవరిలో బాండ్లు అమ్మింది, 200 కోట్లు, వడ్డీ 8.90 శాతం. ఒక మున్సిపల్ కార్పొరేషన్ స్టాక్ ఎక్స్ఛేంజీకి వెళ్లి, రేటింగ్ ఏజెన్సీల దగ్గర ఏఏ రేటింగ్ తెచ్చుకుని అప్పు పుట్టించడం మన దేశంలో అప్పటికి చాలా అరుదు. పుణె ముందు సంవత్సరం చేసింది. ఆ ధైర్యాన్ని నేను మెచ్చుకుంటాను. ఇలా బాండ్లకు వెళ్లే కార్పొరేషన్లకు కేంద్రం కూడా అమృత్ పథకం కింద 100 కోట్లకు 13 కోట్ల చొప్పున ప్రోత్సాహకం పెట్టింది. పద్దులు సరిగ్గా రాయకపోతే, ఆడిట్ కాకపోతే బాండ్లు ఎవరూ కొనరు. ఆ క్రమశిక్షణ ఒక మున్సిపల్ ఆఫీసుకు రావడం చిన్న విషయం కాదు.

అదే 2018 ఆగస్టులో మళ్లీ బాండ్లు, 195 కోట్లు, 9.38 శాతానికి. 2019 ఆగస్టులో 100 కోట్లు, 10.23 శాతానికి. మూడుసార్లూ కలిపి 495 కోట్లు. వెళ్లినకొద్దీ వడ్డీ పెరిగింది చూశారా? అప్పు అడిగినకొద్దీ ఇచ్చేవాడు జాగ్రత్తపడతాడు, మార్కెట్ రేట్లూ ఉంటాయి. ఆ తర్వాత ఎస్‌బీఐ నుంచి 2,500 కోట్ల రుణం 8.65 శాతానికి వచ్చింది. 10.23తో పోలిస్తే ఇది మంచి బేరమే. బాండ్ల మీద మాత్రమే లెక్కేస్తే, అసలు తీర్చడం మొదలుకాకముందు ఏడాది వడ్డీ 46 కోట్లు దాటుతుంది. బైరామల్‌గూడ మొదటి ఫ్లైఓవర్ ఖరీదు 26 కోట్ల చిల్లర అని పైన రాశాను. ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.

అప్పు చేయడం తప్పని నా ఉద్దేశం కాదు. మనవల కాలం దాకా నిలవాల్సిన కట్టడానికి ఒక్క ఏడాది పన్నులోంచే డబ్బంతా తీయమనడం న్యాయం కాదు, రేపు వాడుకునేవాళ్లు కూడా కొంత మోయాలి. కానీ ఈ ఫ్లైఓవర్లకు టోల్ లేదు. అవి సంపాదించి కిస్తీ కట్టవు. కట్టేది కార్పొరేషన్ ఆదాయం, అంటే ప్రధానంగా ఆస్తి పన్ను, ఇళ్ల అనుమతుల ఫీజులు. మల్లెపూలామె అద్దెకుండే గది ఓనరు కట్టే పన్ను కూడా అందులో ఉంది, ఆ ఓనరు దాన్ని అద్దెలో కలిపే వసూలు చేస్తాడు. పైకి ఎప్పుడూ ఎక్కని మనిషి కూడా పైదాని వడ్డీ కడుతోంది. అందుకే కింద దాటడానికి చోటు అడగడం దయ అడగడం కాదు, తన వాటా అడగడం.

మా వైపు ఇళ్ల ధరలు పెరగడానికి ఈ రోడ్లు ఒక పెద్ద కారణం. ఎత్తైన బిల్డింగులు కట్టేవాళ్ల దగ్గర ఇంపాక్ట్ ఫీజు తీసుకుంటారు. ఎప్పుడో ప్లాటు కొనుక్కుని కూర్చున్న మాలాంటివాళ్లకు మాత్రం ఆ పెరుగుదల అదనంగా ఒక్క రూపాయి కట్టకుండానే వచ్చింది. కొత్త రోడ్డుకు చుట్టుపక్కల లాభపడిన స్థలాల నుంచి కొద్దిగా తీసుకుంటే నేనైతే కాదనను. మా సంఘం మీటింగులో ఈ మాటంటే ఇద్దరు లేచి వెళ్లిపోయారు. అయినా నా అభిప్రాయం అదే.

నష్టపోయినవాళ్ల లెక్క కూడా రాయాలి. రోడ్డు వెడల్పులో స్థలం పోయినవాళ్లకు డబ్బుకు బదులు టీడీఆర్ సర్టిఫికెట్, అంటే అదనంగా కట్టుకునే హక్కు పత్రం, ఇచ్చే పద్ధతి ఉంది. దాన్ని బిల్డర్లకు అమ్ముకోవచ్చు, లేదా తామే ఇంకోచోట అదనపు అంతస్తు వేసుకోవచ్చు. ప్రభుత్వ ఖజానా మీద భారం తగ్గించే మంచి ఉపాయమే. కానీ అది స్థలం ఓనరుకు వస్తుంది. ముందుగదిలో అద్దెకున్న షాపువాడికి రాదు. మా బ్లౌజులు కుట్టే ఆయన చాలా ఏళ్లు రోడ్డు మొహాన ఉన్నాడు. షాపు ముందు భాగం పోయాక లోపలి గల్లీలోకి మారాడు. పాత గిరాకీ వెతుక్కుంటూ వచ్చింది, కొత్త గిరాకీ రాలేదు. "ఓనరుసాబుకు కాయితం ఇచ్చిండ్రమ్మా, నాకు నోటీసు ఇచ్చిండ్రు," అంటాడు. అంచనా వేసేటప్పుడు సిమెంటు, ఇనుము, స్థలంతో పాటు అద్దె షాపులు మారే ఖర్చు కూడా ఒక పద్దుగా రాయాలి. మొత్తంలో అది ఎంతో ఉండదు, ఆయనకు మాత్రం అదే బతుకు.

2020 అక్టోబర్ 13 రాత్రి వానకు సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలు ఎలా మునిగాయో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత నాలాల కోసం ఎస్‌ఎన్‌డీపీ అని వేరే పథకం పెట్టారు. రోడ్డుకు ఒక పథకం, నీళ్లకు ఒక పథకం, నడిచే మనిషికి ఏ పథకం? ఇప్పుడు హెచ్-సిటీ పేరుతో ఇంకొన్ని ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు వస్తున్నాయి. వాటి అంచనాల్లోనే కింది చౌరస్తా డిజైను, బస్సు ఆగే చోటు, దాటే చోట సిగ్నల్, వాననీళ్ల కాలువ ఉండాలి. ఫ్లైఓవర్ తెరిచాక చూద్దాం అంటే ఎవరూ చూడరు. మా బ్యాంకులో ఇల్లు కట్టుకోవడానికి లోన్ ఇచ్చేటప్పుడు మెట్లు, బాత్‌రూం ప్లానులో లేకపోతే మొదటి విడత కూడా విడుదల చేసేవాళ్లం కాదు.

మార్కులు అడిగితే: కారులో, స్కూటీ మీద రింగ్ రోడ్డు దాటేవాళ్లకు ఐదుకు నాలుగున్నర. సాగర్ రోడ్డువాళ్లకు ఓవైసీ వైపు నుంచి ఇంటికి వచ్చే దారికి పూర్తి ఐదు. బస్సు మారే మనిషికి ఐదుకు ఒకటిన్నర, ఆ ఒకటిన్నర కూడా పొగ కాస్త తగ్గినందుకు. డబ్బు తెచ్చిన తీరుకు నాలుగు, ఖర్చు పెట్టిన వరసకు రెండున్నర.

కొత్తగా వెళ్లేవాళ్లకు ఒక సలహా. చాంద్రాయణగుట్ట వైపు నుంచి వస్తూ రెండో అంతస్తు ఎక్కాలనుకుంటే బోర్డులు ముందే చూసుకుని లేన్ మార్చుకోండి. సాగర్ దారీ, విజయవాడ దారీ పైన విడిపోతాయి, తప్పు దాంట్లోకి వెళ్తే వెనక్కి రావద్దు, దిగాక యూటర్న్ తీసుకోండి. బస్సులో వచ్చేవాళ్లు చీకటి పడ్డాక సాగర్ రింగ్ రోడ్డులో బస్సు మారకుండా ఎల్బీనగర్ మెట్రో స్టేషన్ దాకా వెళ్లి మారండి. కొంచెం చుట్టే, కానీ అక్కడ స్టేషన్ మెట్లెక్కి రోడ్డు అవతలికి దిగవచ్చు.